వేలాడే గీత

కంట్రోలు రూములో అందరూ కేకు తింటున్నారు. చుక్కలమ్మకు మాత్రం ముక్క గొంతు దిగడం లేదు.

గోడకున్న పెద్ద తెర మీద పచ్చటి అక్షరాలు వెలుగుతున్నాయి: "తప్పులు లేవు." కొండవాలు మీద కొత్తగా వేసిన లైనులో డ్రైవర్లు లేని రైలు పెట్టెలు నడవబోతున్నాయి. ఎల్లుండి పొద్దున ప్రారంభం. మొదటి ప్రయాణం ఈ లైను కట్టినవాళ్ల కుటుంబాలది. ఎన్ని పెట్టెలు తిరిగినా, ఏ పెట్టె ఎప్పుడు మొరాయించినా ఒకదాన్నొకటి గుద్దుకోవని నిరూపించే పని ఆమెది. ఆమె యంత్రం నిరూపించేసింది. ఇక సంతకమే తరువాయి.

"ఏంటి మరదలా, అలిగిన వియ్యపురాలిలా మూల కూర్చున్నావేం?" అంటూ బావ వచ్చాడు.

బావ అంటే ఆమె అక్క మొగుడు, ఈ కంట్రోలు రూముకు పెద్ద. పొడుగాటి మనిషి, అంతకు తగ్గ మీసం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె బోర్డు నిండా చుక్కలు పెట్టి గీతలు కలుపుతుంటే చూసి 'చుక్కలమ్మ' అని పేరు పెట్టింది ఆయనే. ఇప్పుడు గేటు కాపలా మనిషి కూడా అలాగే పిలుస్తాడు.

"లెక్క మరీ త్వరగా తేలిపోయింది బావా."

"దానికి సంతోషించాలిగానీ ఏడుస్తారా ఎవరైనా?"

"వంట మరీ త్వరగా అయిపోయిందంటే ఏదో ఒకటి పొయ్యెక్కలేదన్నమాట."

"మీ అక్క వంట త్వరగా అయింది ఏనాడూ లేదు. అయినా రోజూ ఏదో ఒకటి మాడుతూనే ఉంటుంది," అన్నాడు బావ. పక్కనున్నవాళ్లు గొల్లున నవ్వారు. "మా పెట్టెలు వేలసార్లు తిరిగాయమ్మా. రంగు మీద చిన్న గీత కూడా పడలేదు. నువ్వు ముందు కేకు తిను."

ఆమె ప్లేటు పక్కనపెట్టి తన గదికి నడిచింది.

ఆమె చేసే పనికి గ్రాఫ్ మార్పిడి అని పేరు. పేరు బరువుగా ఉన్నా సంగతి చిన్నదే. ప్రతి పెట్టె ఒక చుక్క. సొరంగం ఒక చుక్క, పక్కదారి ఒక చుక్క. ఏది దేని వెంట పోతోందో, ఏది దేనిలో ఉందో చెప్పేది గీత. లైను మొత్తం ఏ క్షణాన ఎలా ఉందో ఒక్క బొమ్మలో ఇమిడిపోతుంది. ఇక మార్పులకు నియమాలు. నియమం అంటే రెండు చిన్న బొమ్మలు, ఎడమది, కుడిది. పెద్ద బొమ్మలో ఎడమ బొమ్మ ఎక్కడ కనబడితే అక్కడ దాన్ని తీసేసి కుడి బొమ్మ అతికించాలి. పెట్టె కదలడం ఒక నియమం, గొలుసులో చేరడం ఒకటి, విడిపోవడం ఒకటి. ఒక్కో నియమాన్నీ వీలైన చోటల్లా వాడుకుంటూ పోతే, ఈ లైనుకు ఎన్ని గతులు పట్టవచ్చో అన్నీ బయటపడతాయి. వాటిలో ఒక్కదానిలో గుద్దుడు కనబడినా యంత్రం ఆగి అరుస్తుంది.

అరవలేదు. అదే ఆమెను తొలిచేస్తోంది.

పెట్టెలు గొలుసుగా సాగుతాయి. అన్నిటికంటే ముందున్నదాన్ని పనివాళ్లు మేస్త్రి అంటారు. వెనక నుంచి వచ్చే కొత్త పెట్టె "చేరనా?" అని రేడియోలో అడుగుతుంది. మేస్త్రి "రా" అంటుంది. అది మాట, ఆమె బొమ్మల్లో నారింజరంగు గీత. పెట్టె దగ్గరకొచ్చి గొలుసులో కలిశాక ఆ మాట జతగా మారుతుంది, అది నల్లగీత. నడుమ మేస్త్రికి ఏదైనా జబ్బు చేస్తే సొరంగానికి ముందున్న పక్కదారిలోకి తప్పుకుంటుంది. బొమ్మలో దాని చుక్క చెరిగిపోతుంది. రెండో పెట్టె మేస్త్రి అవుతుంది.

ఆమె యంత్రాన్ని ఒకే ప్రశ్న అడిగింది. ఇచ్చిన మాట ఇంకా నెరవేరకుండానే మేస్త్రి తప్పుకున్న సందర్భాలు ఎన్ని చూశావు?

సున్నా.

ఎందుకు సున్నానో ఆమెకు వెంటనే అర్థమైంది. చుక్కను చెరిపేముందు దానికి తగిలివున్న గీతలన్నీ విప్పాలి, లేకపోతే ఒక కొన లేని గీత గాల్లో వేలాడుతుంది. ఈ విద్య నేర్చినవాళ్లందరికీ ఇది ఒంటబట్టిన మర్యాద. ఆమె యంత్రానికీ అదే మర్యాద ఉంది. మేస్త్రి చుక్కకు నారింజ గీత తగిలి ఉంటే "ఇప్పుడు చెరపకూడదు" అని నియమాన్నే పక్కన పెట్టేసింది. ఆ దారిన ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. కళ్లు మూసుకుని పాలు తాగిన పిల్లిలా, చూడనిది లేదని తేల్చేసింది.

మరి అసలు లైనును నడిపే ప్రోగ్రాముకు ఆ మర్యాద ఉందా? తెరిచి చూసింది. మేస్త్రి తప్పుకోగానే గొలుసును రెండో పెట్టెకు అప్పజెప్పి, పాత మేస్త్రి పేరూ, దానికి తగిలిన మిగతావన్నీ ఒక్క వేటున చెరిపెయ్యమని రాసి ఉంది.

ఆమె నిరూపించింది మర్యాద తెలిసిన లైను క్షేమమని. ఎల్లుండి జనం ఎక్కబోయే లైను అది కాదు.

యంత్రానికి ఆ మర్యాద మాన్పించి మళ్లీ నడిపింది. కాసేపట్లోనే అది ఆగి అరిచింది. తెర మీద ఎర్రటి అక్షరాలు, వాటి కింద వరసగా అయిదు బొమ్మలు.

*

"పొద్దున తప్పులు లేవన్నారు," అంది డైరెక్టర్. ఆవిడ మాట మెల్లగా ఉన్నప్పుడే భయపడాలని ఆఫీసులో అందరికీ తెలుసు.

"పొద్దున చెప్పింది తప్పు మేడమ్. చెప్పిందీ నేనే." ఆమె బొమ్మల కాగితాలు బల్ల మీద పరిచింది. "మొదటి బొమ్మలో చివరి పెట్టె చేరతానంటోంది. రెండో దాంట్లో మేస్త్రి రమ్మంది. మూడులో మేస్త్రి పక్కదారి పట్టింది. దాంతోపాటు మాట కూడా చెరిగిపోయింది. ఇప్పుడీ పెట్టె ఏ గొలుసులోనూ లేదు. రేడియోలో పలికేవాళ్లు లేరు. కాసేపు చూసి ఆగిపోతుంది. ఎక్కడ? సొరంగం మలుపులో. నాలుగో బొమ్మలో గొలుసు బయటికొచ్చేసింది, సొరంగం ఖాళీ అని కంట్రోలు రూము అనుకుంటుంది. అయిదోది..."

అయిదో బొమ్మలో రెండో గొలుసు అదే సొరంగంలోకి వస్తోంది.

"పట్టాల మీద బరువు పసిగట్టే సాధనాలేవీ లేవా?" అంది డైరెక్టర్.

"లేవండీ. ఈ లైనులో లెక్కంతా రేడియోదే," అన్నాడు బావ. "కానీ ఇది కాగితం మీద కథ. మేస్త్రిని కావాలని చెడగొట్టి ఎన్నిసార్లు చూశామో! ఒక్క పెట్టె తప్పిపోలేదు. ఈవిడ పట్టపగలే మనకు చుక్కలు చూపిస్తోంది."

డైరెక్టర్ బొమ్మలను చాలాసేపు చూసింది. "రేపు మీకు లైను ఇస్తాను. మనుషులు లేని పెట్టెలతో. ఇది నా కళ్లకు కనబడితే ప్రారంభం ఆపుతాను. కనబడకపోతే మీరు సంతకం పెడతారు. బొమ్మలు చూసి ఊరందరినీ రావద్దనలేను."

బయటికొచ్చాక బావ మీసం మెలేశాడు. "మరదలా, రేపు నీ అయిదో బొమ్మ నిజమైతే ఈ మీసం తీయించేస్తా."

"అక్క ఒప్పుకుంటుందా?"

"మీ అక్క పెళ్లినాటి నుంచీ అడుగుతోంది. అవ్వదులే."

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఏం చేశావే మీ బావని? అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకుంటున్నారు, పోరుకు పోతున్నట్టు."

"అక్కా, ఎల్లుండి నువ్వూ పాపా ఎన్నో పెట్టెలో?"

"మొదటి గొలుసులో చివరిది. వెనక కిటికీలోంచి లోయంతా కనిపిస్తుందట. మీ బావ దగ్గరుండి రాయించారు. నువ్వూ మాతోనేగా?"

చివరి పెట్టె. నారింజ గీత పెట్టె.

"మీతోనే," అంది చుక్కలమ్మ.

*

మర్నాడు ఎండ చురుక్కుమంటుండగా ప్రయోగం మొదలైంది. కంట్రోలు రూము గోడకు ఆమె అయిదు బొమ్మలూ అంటించింది. డైరెక్టర్ కుర్చీ వేసుకుని కూర్చుంది. బావ చెయ్యి దగ్గరే ఎర్ర మీట, నొక్కితే లైను మొత్తం నిలబడిపోయేది.

గొలుసు బయలుదేరింది. చివరి పెట్టె వెనకాల వచ్చి చేరతానంది. మేస్త్రి రమ్మంది. బావ మేస్త్రి తలుపు చెడినట్టు కబురు పంపాడు. మేస్త్రి పక్కదారి పట్టింది. అందరి మెడలూ తెర వైపు సాగాయి.

గొలుసు సొరంగంలో దూరింది, బయటికొచ్చింది. చివరి పెట్టె కూడా బుద్ధిగా దాని వెనకే వచ్చింది.

"పాపం, తప్పిపోవడం మర్చిపోయినట్టుంది," అన్నాడు బావ. గదిలో నవ్వులు. ఒకతను కలం తెచ్చి ఆమె ముందు పెట్టాడు కూడా.

ఆమె కలం ముట్టుకోలేదు. తెర మీద నడిచిందంతా మళ్లీ వేయించుకుని చూసింది. చివరి పెట్టె అడగడం, మేస్త్రి రమ్మనడం, వెంటనే జత పడిపోవడం. రెండో బొమ్మ కనురెప్పపాటు కూడా నిలవలేదు. బావ కబురు మేస్త్రికి చేరేలోపే నారింజ గీత నల్లబడిపోయింది. బొమ్మలకు కాలం తెలియదు. ఇది ఇలా జరగవచ్చని చెబుతాయిగానీ ఎంతసేపు నిలుస్తుందో చెప్పవు. ఎత్తు మీద అంత చురుగ్గా ఎలా కలిసింది?

"బావా, ఆ పెట్టెలో బరువెంత?"

"బరువేంటి? ఖాళీది."

"ఇన్నాళ్లు మీరు తిప్పినవి?"

"అన్నీ ఖాళీవే. ఇసక మూటలు మోసేదెవరు?"

ఆమె లేచి నిలబడింది. "రేపు మాత్రం ఖాళీగా ఉండదు. సీటు సీటుకీ మనిషి ఉంటాడు. నిండు పెట్టె ఎత్తెక్కుతూ నెమ్మదిగా దగ్గరవుతుంది. మాట జత కావడానికి చాలాసేపు పడుతుంది. ఆ గీత అంతసేపూ వేలాడుతూనే ఉంటుంది. మేడమ్, ఇంకొక్కసారి. ఈసారి పెట్టెలు నింపి."

బావ ముఖంలో నవ్వు సగంలో ఆగింది.

"నింపండి," అంది డైరెక్టర్.

ఇసక మూటలు చాలక నీళ్ల డబ్బాలూ, గోదాములో మిగిలిన బండరాళ్లూ ఎక్కించారు. మోసినవాళ్లు చుక్కలమ్మను తిట్టని తిట్టు లేదు. మధ్యాహ్నం భోజనాలు కూడా మానేసి అందరూ మళ్లీ తెర ముందు చేరారు.

గొలుసు బయలుదేరింది. చివరి పెట్టె మూలుగుతూ ఎత్తెక్కుతోంది.

"చేరతానంది," అంది ఆమె గోడ మీది మొదటి బొమ్మ మీద వేలు పెట్టి. "రమ్మంది." వేలు రెండో బొమ్మకు జరిగింది. ఈసారి ఆ బొమ్మ నిలిచింది. నిలిచే ఉంది. "ఇప్పుడు బావా!"

బావ కబురు పంపాడు. మేస్త్రి పక్కదారిలోకి తిరిగింది. మూడో బొమ్మ. తెర మీద గొలుసు సొరంగంలోకి పోయింది, అవతల తేలింది. ఏ గొలుసుకూ, ఏ మాటకూ చెందని విడి పెట్టెలు తెర మీద కనబడవు. సొరంగం గుర్తు పచ్చబడింది. ఖాళీ.

నాలుగో బొమ్మ.

"రెండో గొలుసుకు దారి దొరికింది," అన్నాడు బావ. ఎవరూ పంపలేదు, లైను తనంతట తనే పంపుతోంది. రెండో గొలుసు సొరంగం వైపు ఊపందుకుంది.

"నొక్కండి బావా."

ఆయన చెయ్యి మీట మీద ఉంది. కళ్లు తెర మీద. తలనెరిసేదాకా తెరను నమ్మి బతికిన మనిషి. తెర ఖాళీ అంటోంది. ఖాళీ సొరంగం కోసం లైను ఆపినవాణ్ణి ఏ కంట్రోలు రూములోనూ మెచ్చుకోరు.

"ఖాళీ అనే చూపిస్తోందే..."

"చివరి పెట్టె అవతల తేలిందా? చూశారా మీరు?"

ఆయన చూడలేదు. ఎవరూ చూడలేదు. ఆయన కళ్లు తెర మీంచి గోడ మీది అయిదో బొమ్మకు తిరిగాయి. అరచేతితో మీటను గుద్దాడు.

లైను మొత్తం కీచుమని నిలబడిపోయింది.

అందరూ లేచారు. మెట్లు దిగి, పట్టాల వెంట నడిచి, టార్చిలైట్లు వేసుకుని సొరంగంలోకి వెళ్లారు. మలుపు తిరగ్గానే రెండో గొలుసు ముందు పెట్టె కనబడింది. దాని ముందు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఇసక మూటలతో, నీళ్ల డబ్బాలతో చివరి పెట్టె నిలబడి ఉంది. లోపల దీపం వెలుగుతూనే ఉంది.

బావ దాని వెనక కిటికీ మీద చెయ్యి వేశాడు. లోయ చూడమని తను ఏరి కోరి రాయించిన కిటికీ.

"మరదలా," అన్నాడు. "నీ బొమ్మలకు దండం."

"దండం తర్వాత. ముందు మీసం."

ఆ సొరంగంలో నవ్వు మోగిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది డైరెక్టర్.

*

ప్రారంభం వాయిదా పడింది. పత్రికలవాళ్లు ఎందుకని అడిగితే, "తప్పు దొరికింది కాబట్టి" అని డైరెక్టర్ కుండబద్దలు కొట్టింది.

ఆ తప్పుకు మందు చిన్నదే. బోర్డు ముందు అందరూ తలా ఒకటి చెబుతుంటే, నున్నగా గీయించుకున్న మూతి తడుముకుంటూ బావే అన్నాడు: "పాత మేస్త్రి వెళ్లేటప్పుడు తన మనుషుల్ని కొత్త మేస్త్రికి అప్పజెబుతోంది కదా. ఇచ్చిన మాటల్ని కూడా అప్పజెప్పి పొమ్మను."

చుక్కలమ్మ ఎడమ బొమ్మ గీసింది: మేస్త్రి, దానికి వేలాడే నారింజ గీత. కుడి బొమ్మ గీసింది: మేస్త్రి లేదు, అదే గీత రెండో పెట్టెకు కట్టి ఉంది. "బావా, మీకూ చుక్కల విద్య అబ్బింది."

"సావాస దోషం."

అసలు ప్రోగ్రామును అలా మార్చారు. యంత్రానికి ఈసారి మర్యాదలేవీ నేర్పలేదు. నిండు పెట్టెలూ ఖాళీ పెట్టెలూ అన్నీ దానికి అప్పగించారు. అది పొద్దస్తమానం రొద చేస్తూ రోజుల తరబడి వెతికింది. ఆఖరికి పచ్చ అక్షరాలు వెలిగాయి. ఆమె మొదట చూసింది ఆ పచ్చరంగును కాదు. ఏ నియమం ఎన్నిసార్లు పనిచేసిందో చూసింది, ముఖ్యంగా మునుపు సున్నా ఉన్న చోట. అక్కడ పెద్ద అంకె ఉంది. సంతకం పెట్టి కలం మూత బిగించింది. మిగిలిన కేకేమైనా ఉందా అని అడిగింది కూడా.

*

ప్రారంభం రోజు మేళతాళాల మధ్య డైరెక్టరూ పెద్దలూ రిబ్బను కోసి మేస్త్రి పెట్టె ఎక్కారు. చివరి పెట్టెలో కిటికీ పక్కన చుక్కలమ్మ, పాపను ఒళ్లో పెట్టుకుని అక్క. సీటు సీటుకీ మనిషి.

"పాప ఇంకా వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లడం లేదే," అంది అక్క నవ్వాపుకుంటూ. "ఎవరో కొత్తాయన మనింట్లో అన్నం తింటున్నాడని నాకు చాడీ చెప్పింది."

పెట్టె ఎత్తెక్కుతోంది. ముందు గొలుసు ఇంకా దూరంగానే ఉంది. ఇప్పుడు మాట వేలాడుతున్న సమయం. తప్పేమీ లేదని తెలిసినా చుక్కలమ్మ కిటికీ అంచు పట్టుకుంది.

ఫోన్ మోగింది. బావ.

"మరదలా, కంగారు పడకు. మేస్త్రి తలుపులో రిబ్బను ఇరుక్కుంది. తలుపు చెడిందని పెట్టె పక్కదారి పట్టింది. ఇది నేను చేసింది కాదు, ఒట్టు!"

ఆమె ముందుకు వంగి చూసింది. వంపు దగ్గర ఒక పెట్టె గొలుసులోంచి విడిపోయి పక్కకు జారుకుంటోంది. దాని తలుపు సందులో ఎర్ర రిబ్బను రెపరెపలాడుతోంది. లోపల పెద్దలు బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. వాళ్ల మధ్య డైరెక్టర్ మాత్రం ఇటే చూస్తోంది.

సొరంగం నోరు తెరిచింది. చీకటి. మలుపు.

పెట్టె ఆగలేదు. కిందనెక్కడో చిన్న కుదుపు, నడక మారింది. ముందు గొలుసు వెనక దీపాలు దగ్గరకొచ్చి, దగ్గరకొచ్చి, ఒక్క దూరాన కుదురుకున్నాయి. జత.

వెలుతురు ఒక్కసారిగా మీద పడింది. వెనక కిటికీ నిండా లోయ.

"జత పడింది!" అని ఫోన్లో బావ అరుపు, ఆయన వెనక కంట్రోలు రూమంతా ఈలలు. చుక్కలమ్మ ఉన్నచోటే ఎగిరి గంతేసింది. పెట్టెలోవాళ్లంతా ఉలిక్కిపడి చూశారు.

"ఏమైందే?" అంది అక్క పాపను గట్టిగా పట్టుకుని.

"ఏమీ కాలేదక్కా!" ఆమె పగలబడి నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. "ఏమీ కాలేదు!"

అక్క ఆమెను ఎగాదిగా చూసి తల తిప్పుకుంది. "ఏమీ కాకపోతే ఇంత సంబరం దేనికో. పాపా, అటు చూడు, లోయ."